గెలిచాక బిల్లు కట్టేదెవరు? విద్యార్థుల సామాజిక వ్యాపార పోటీల సంగతి

2014 సెప్టెంబరులో న్యూయార్క్‌లో క్లింటన్ గ్లోబల్ ఇనిషియేటివ్ వార్షిక సమావేశాలు జరుగుతున్నప్పుడు, హైదరాబాద్ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ విద్యార్థుల బృందం హల్ట్ ప్రైజ్ గెలిచింది. బహుమతి 10 లక్షల డాలర్లు. అప్పటి మారకం రేటులో సుమారు 6 కోట్ల రూపాయలు. అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ వేదిక మీద ప్రకటించిన ఆ విజేత సంస్థ పేరు నానోహెల్త్. బస్తీలో ఉండేవాళ్లకే శిక్షణ ఇచ్చి 'సాథీ'లుగా తయారుచేయడం, బీపీ, షుగర్ చూసే పరికరాలున్న ఒక సంచి వాళ్ల చేతికివ్వడం, ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేయించి, ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించి డాక్టర్లతో కలపడం, ఇదీ వాళ్ల ఆలోచన. మందులు క్రమంగా వాడుతున్నారో లేదో కనుక్కోవడం కూడా సాథీ పనే.

మంచి ఆలోచన. ఇప్పటికీ మంచి ఆలోచనే. అయినా ఇలాంటి పోటీలు ఏం ఇస్తాయి, ఏం ఇవ్వలేవు అన్నది తెలియాలంటే నానోహెల్త్ ఎంచుకున్న సమస్యను కాస్త దగ్గరగా చూడాలి. అంతకంటే ముందు పోటీ గురించి నాలుగు మాటలు.

హల్ట్ ఇంటర్నేషనల్ బిజినెస్ స్కూల్‌లో ఎంబీఏ చదువుతున్న అహ్మద్ అష్కర్ 2009లో ఈ పోటీకి బీజం వేశారు. ఈఎఫ్ ఎడ్యుకేషన్ ఫస్ట్ వ్యవస్థాపకుడైన స్వీడన్ వ్యాపారి బెర్టిల్ హల్ట్ కుటుంబం డబ్బు పెట్టింది. మొదటి ఏళ్లలో దాని పేరు హల్ట్ గ్లోబల్ కేస్ ఛాలెంజ్. అప్పటికే పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థల సమస్యలకు విద్యార్థులు పరిష్కారాలు చెప్పేవారు. ఆ తర్వాత పద్ధతి మారింది. విద్యార్థులే సొంతంగా సంస్థ పెట్టాలి, అది సమాజానికి పనికిరావాలి, తన ఖర్చు తానే సంపాదించుకోవాలి. ముందు కాలేజీ స్థాయిలో, తర్వాత ప్రాంతీయ స్థాయిలో వడపోత ఉంటుంది. అక్కడ నెగ్గినవాళ్లకు కొన్ని వారాల శిక్షణ, చివర్లో కొన్ని బృందాల మధ్య ఫైనల్. వేదిక మీద ప్రతి బృందానికీ దొరికేది కొద్ది నిమిషాలే.

చాలా ఏళ్లపాటు ఏటా ఒక ప్రశ్న ముందుగానే ఇచ్చేవారు. 2013లో పట్టణ మురికివాడల్లోని 20 కోట్ల మందికి ఆహారం ఎలా అందించాలన్నది ప్రశ్న. 2014లో బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులున్న 2.5 కోట్ల మంది మురికివాడల జనానికి 2019 లోపు ఎలా వైద్యం అందించాలని అడిగారు. ఈ అంకెలను గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ వాటి దగ్గరికి రావాల్సి ఉంది.

ఇలాంటి పోటీలను తీసిపారేయడం తేలిక, కానీ అన్యాయం. మన ఇళ్లలో పరిస్థితి తెలిసినవాళ్లెవరూ ఆ పని చేయరు. లక్షల్లో ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని చదివిన పిల్ల, క్యాంపస్ ప్లేస్‌మెంట్ వదులుకుని బస్తీల్లో తిరిగే కంపెనీ పెడతానంటే ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో చెప్పక్కర్లేదు. బ్యాంకు పూచీకత్తు అడుగుతుంది. బంధువులు జీతం ఎంత అని అడుగుతారు. ఇలాంటప్పుడు ఏ పూచీకత్తూ లేకుండా వచ్చే ప్రైజ్ మనీ ఒకటి రెండేళ్ల ధైర్యాన్ని కొనిపెడుతుంది. అంతకంటే ముఖ్యంగా, అపాయింట్‌మెంట్ దొరకని తలుపులు తెరుచుకుంటాయి. ఒక ఆసుపత్రి యజమానో, జిల్లా కలెక్టరో పది నిమిషాలు కూర్చోబెట్టి వింటారు. ఆ వయసులో అది చిన్న విషయం కాదు.

ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. సామాజిక వ్యాపారంలో సేవ అందుకునేవాళ్లు ఒకరు, డబ్బు కట్టేవాళ్లు వేరొకరు కావడం మామూలే. ఈ రెండో మనిషి ఎవరన్నది తేలకుండానే గెలిచే అవకాశం పోటీల్లో ఎక్కువ. సంస్థ బతుకుతుందా లేదా అన్నది మాత్రం దాదాపు పూర్తిగా ఆ మనిషి మీదే ఆధారపడి ఉంటుంది.

షుగర్ జబ్బునే తీసుకోండి. సాథీలాంటి ఆరోగ్య కార్యకర్త ఒకామె పొద్దున పదకొండింటికి బస్తీలోకి వెళ్లిందనుకుందాం. ఆటో నడిపే మగమనిషి ఇంట్లో ఉండడు, ఇళ్లలో పనికి వెళ్లే ఆడమనిషి ఉండదు. ఉండేది పెద్దవాళ్లు, పిల్లలు. అంటే ఎవరికి పరీక్ష ఎక్కువ అవసరమో వాళ్లు దొరకాలంటే ఆమె సాయంత్రం ఏడు తర్వాత తిరగాలి. ఒక్క గ్లూకోమీటర్ స్ట్రిప్ ఖరీదు సుమారు 15, 20 రూపాయలు. దానికి ఆమె జీతం, పరికరం, ఫోను, వెనకాల ఉన్న డాక్టర్ ఖర్చు కలపండి. పరీక్షలో షుగర్ 240 వచ్చిందని చెబితే ఇంటాయన "నాకేం కావట్లేదమ్మా" అంటాడు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. షుగర్ మొదటి ఏళ్లలో నొప్పి పెట్టదు. ఆయన దృష్టిలో జబ్బే లేదు. లేని జబ్బుకు నెలనెలా డబ్బులెందుకు కట్టాలి?

అదే మనిషి జ్వరం వస్తే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి ఇంజెక్షన్‌కు అడిగినంత ఇచ్చి వస్తాడు. పేదవాళ్లు వైద్యానికి డబ్బు పెట్టరనే మాట నిజం కాదు. నొప్పికి పెడతారు, అప్పు చేసి మరీ పెడతారు. రాబోయే నొప్పికి పెట్టరు. ఆ మాటకొస్తే మధ్యతరగతివాళ్లూ అంతే. ఆఫీసు వాళ్లు ఉచితంగా చేయిస్తే తప్ప ఏడాదికోసారి పరీక్షలు చేయించుకునేవాళ్లు ఎంతమంది?

మరి ఈ బిల్లు కట్టాల్సింది ఎవరు? ఆలోచిస్తే దారి నేరుగా ప్రభుత్వం దగ్గరికే వెళుతుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేదల ఆపరేషన్లకు, పెద్ద జబ్బుల చికిత్సకు ఆసుపత్రులకు డబ్బు కడుతుంది. షుగర్ ముదిరి కిడ్నీలు దెబ్బతింటే డయాలసిస్ ఖర్చు ప్రభుత్వానిదే. కాబట్టి బస్తీలో ఒక మనిషి షుగర్ పదేళ్లు అదుపులో ఉంటే అందరికంటే ఎక్కువ డబ్బు మిగిలేది ఖజానాకే. కానీ పథకం కట్టే లెక్కలో జబ్బు ముదిరాక చేసే చికిత్సకు రేటు ఉంది, ముదరకుండా ఆపిన సాథీకి రేటు లేదు. పదేళ్ల తర్వాత మిగిలే డబ్బులో నుంచి ఈ నెల జీతం ఇవ్వమని ఏ అధికారిని అడగాలి? ఆ ఫైలు ఏ శాఖకు వెళ్లాలి? న్యూయార్క్ వేదిక మీద ఈ ప్రశ్న వేసేవాళ్లు ఉండరు. ఉన్నా, కొద్ది నిమిషాల్లో దానికి జవాబు చెప్పడం ఎవరి వల్లా కాదు.

పైగా ప్రభుత్వం ఊరికే కూర్చోదు. 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. డాక్టరు, మందులు, పరీక్షలు అన్నీ ఉచితం. జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు చేసే పని అంతకు కాస్త ముందే దేశమంతటా మొదలైంది. ప్రజలకు ఇది మేలు, అందులో రెండో మాట లేదు. అదే వీధిలో డబ్బు తీసుకుని అదే పరీక్ష చేసే సంస్థకు మాత్రం కాళ్ల కింద నేల కదిలినట్టే. సామాజిక సమస్యను ఎంచుకున్న ఏ వ్యాపారానికైనా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. సమస్య ఎంత పెద్దదైతే ప్రభుత్వం దాంట్లోకి ఉచితంగా దిగే అవకాశం అంత ఎక్కువ. ఆ రోజు వచ్చినప్పుడు ప్రభుత్వానికి పోటీగా ఉంటారా, ప్రభుత్వానికి పనిచేసి పెడతారా అన్నది మొదటి రోజే తేల్చుకోవాల్సిన విషయం.

బిల్లు కట్టేవాళ్లు ముందే ఉన్నచోట కథ ఎంత వేరుగా నడుస్తుందో డి.లైట్ చూపించింది. ఇదీ విద్యార్థుల సంస్థే. స్టాన్‌ఫర్డ్‌లో పేదల కోసం అతి తక్కువ ధరలో వస్తువులు రూపొందించే ఒక కోర్సులో పుట్టింది. 2007లో ఒక వెంచర్ పోటీలో 2.5 లక్షల డాలర్లు గెలిచింది. వాళ్లు అమ్మింది సోలార్ దీపం. కరెంటు లేని ఇల్లు అప్పటికే కిరోసిన్‌కు నెలనెలా డబ్బు పెడుతోంది. పొగ, మంట భయం, పిల్లల చదువు, ఇవన్నీ నిజమే, కానీ దీపం అమ్ముడుపోవడానికి అసలు కారణం ఆ కిరోసిన్ ఖర్చు. కొత్తగా డబ్బు అడగక్కర్లేదు, పెట్టే డబ్బునే ఇటు మళ్లించమంటే సరిపోయింది. సంస్థ భారత్‌లోనూ ఆఫ్రికాలోనూ కోట్ల మందికి చేరింది.

అదే స్టాన్‌ఫర్డ్ కోర్సులోంచి వచ్చిన ఎంబ్రేస్ కథ ఇంత సాఫీగా సాగలేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే చిన్న సంచి అది, ఇంక్యుబేటర్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. పల్లెలో తల్లి ఇంట్లోనే వాడుకోవాలన్నది మొదటి ఊహ. బృందం బెంగళూరుకు మకాం మార్చి మరీ పనిచేసింది. తీరా చూస్తే అలాంటి బిడ్డ విషయంలో నిర్ణయం తీసుకునేది డాక్టరు, కొనేది ఆసుపత్రి లేదా ప్రభుత్వం. ప్రభుత్వ కొనుగోళ్ల పద్ధతికి, చిన్న స్టార్టప్ చేతిలో ఉన్న డబ్బుకు పొంతన కుదరడం కష్టం. చివరికి ఆ ఉత్పత్తి చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ చేతికి వెళ్లింది. ఆసుపత్రులకు పరికరాలు అమ్మడం ఆ కంపెనీకి వచ్చిన విద్య.

మన దగ్గర ఏ పోటీకీ వెళ్లకుండా ఈ చిక్కుముడి విప్పినవాళ్లున్నారు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పడానికి, తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఒక్క పోచంపల్లి చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి, నాలుగైదు గంటల పని. యంత్రం దాన్ని గంటన్నరకు తెచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. యంత్రం కొనే నేతకారుడి ఇంట్లోనే నొప్పి ఉంది, మిగిలే గంటలూ ఆ ఇంట్లోనే ఉన్నాయి, ఎక్కువ చీరలు నేస్తే వచ్చే కూలీ ఆ ఇంటిదే. వాడేవాళ్లు, లాభపడేవాళ్లు, డబ్బు కట్టేవాళ్లు ముగ్గురూ ఒకే గడపలో ఉన్నారు. అయినా ఆయనకు ఆ యంత్రం పూర్తి చేయడానికి ఏళ్లు పట్టింది, చేతిలో డబ్బు లేక. పోటీలు నిజంగా పనికొచ్చేది ఇలాంటి మనిషికే. కానీ అప్పట్లో ఏ పోటీ ఆయన గడప తొక్కలేదు.

హల్ట్ ప్రైజ్‌కే తిరిగి వస్తే, 2013 విజేత యాస్పైర్ ఫుడ్ గ్రూప్ కథ ఇంకో పాఠం చెబుతుంది. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ విద్యార్థులు పెట్టిన సంస్థ అది. పురుగుల నుంచి ప్రొటీన్ తీసి మురికివాడల పేదలకు పౌష్టికాహారం ఇవ్వాలన్నది గెలిచిన ఆలోచన. ఘనాలో ఈతజాతి చెట్ల పురుగుల పెంపకంతో పని మొదలైంది. క్రమంగా దృష్టి మిడతల్లాంటి క్రికెట్ పురుగుల మీదికి, అమెరికా, కెనడాల మీదికి మళ్లింది. ఒంటారియోలోని లండన్ నగరంలో కట్టిన భారీ ఫ్యాక్టరీ సరుకులో ఎక్కువ భాగం పెంపుడు జంతువుల ఆహారానికి వెళ్లింది. 2024 చివర్లో సంస్థ ఉద్యోగుల్లో మూడింట రెండు వంతుల మందిని తీసేసింది, తర్వాత అప్పులిచ్చినవాళ్ల బాకీలు రాబట్టే రిసీవర్ల చేతుల్లోకి వెళ్లింది. ఫౌండర్లు మోసం చేశారని అనడానికి లేదు. మురికివాడలో డబ్బు కట్టేవాళ్లు దొరకలేదు, కుక్కల ఆహారం కంపెనీలు దొరికాయి. జీతాలివ్వాల్సిన ఏ సంస్థ అయినా డబ్బు కట్టేవాళ్ల వైపే జరుగుతుంది. మొదట చెప్పిన 20 కోట్ల మంది పేదలు ఆ దారిలో ఎక్కడో మిగిలిపోయారు.

ఇక్కడే ఆ పెద్ద అంకెల సంగతి చెప్పాలి. 20 కోట్లు, 2.5 కోట్లు అని ప్రశ్నలోనే ఉంటే విద్యార్థి తన స్లైడ్లలో అంతకంటే చిన్న అంకె వేయలేడు. పటాన్‌చెరులో 300 ఇళ్లకు ఈ సేవ బాగా పనిచేస్తుంది, ఇంత ఖర్చవుతుంది, ఇంత వస్తుంది అని నిజాయితీగా చెప్పిన బృందం ప్రాంతీయ స్థాయిలోనే ఆగిపోతుంది. పెద్ద అంకె చెప్పినవాళ్లు అబద్ధం ఆడారని కాదు. వాళ్లను అడిగిందే అది. పైగా తీర్పు చెప్పే జడ్జీల్లో ఉండేది కంపెనీల అధినేతలు, పెట్టుబడిదారులు, ప్రముఖులు. బస్తీలో నెల ఖర్చు లెక్క రాసుకునే ఇల్లాలికి ఒక్క ఓటిచ్చి చూస్తే, ఫలితం తారుమారయ్యే పోటీలు ఎన్నో ఉంటాయి.

చట్టం వైపు నుంచి ఇంకో చిక్కు ఉంది, దీన్ని కాలేజీల్లో దాదాపు ఎవరూ చెప్పరు. మన దేశంలో సామాజిక సంస్థలకు పెద్ద దిక్కు సీఎస్ఆర్ నిధులు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. విద్యార్థులు తమ స్టార్టప్‌ను ప్రైవేట్ లిమిటెడ్‌గా రిజిస్టర్ చేస్తే, సీఎస్ఆర్ ప్రాజెక్టు చేసిపెట్టే సంస్థగా ఆ డబ్బు నేరుగా తీసుకోవడానికి వీల్లేదు. సెక్షన్ 8 కంపెనీగానో, ట్రస్టుగానో పెడితే సీఎస్ఆర్‌కు దారి ఉంటుంది, కానీ లాభం పంచడానికి వీల్లేదు కాబట్టి పెట్టుబడి పెట్టేవాళ్లు రారు. అప్లికేషన్ నింపే రాత్రి ఎవరో సీఏ మిత్రుడు చెప్పినట్టు టిక్కు పెట్టే ఆ ఒక్క గడి, బిల్లు కట్టగలిగేవాళ్లలో సగం మందిని శాశ్వతంగా దూరం చేస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో పోటీలకు కొదవలేదు. 2017 నుంచి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్, 2018 నుంచి కాలేజీల్లో ఇన్నోవేషన్ కౌన్సిళ్లు వచ్చాయి. ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలో విద్యార్థుల వ్యాపార ఆలోచనలకు ఒక ఈ-సెల్, ఏడాదికి నాలుగైదు పిచ్ ఈవెంట్లు. వీటిలో కనిపించే ప్రాజెక్టులు మాత్రం ఏ కాలేజీలో చూసినా అవే: నిండితే మెసేజ్ పంపే చెత్తడబ్బా, చూపులేనివాళ్లకు సెన్సార్ కర్ర, రైతుకో యాప్. పిల్లలకు తెలివి లేక కాదు. సమస్య ఉన్న చోట వాళ్లను పది రోజులు నిలబెట్టేవాళ్లు లేరు. తెలంగాణలో 2019లో మొదలైన ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమం ఈ విషయంలో మెరుగు. పల్లెల్లో సొంత అవసరం కోసం యంత్రాలు చేసుకున్నవాళ్లను వెతికి ఆగస్టు 15న జిల్లా కేంద్రాల్లో ప్రదర్శనకు పెట్టింది. వాళ్లు చేసిన వస్తువులు అప్పటికే ఎవరో ఒకరు వాడుతున్నవి.

ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని చూడండి. 2018లో హల్ట్ ప్రైజ్ గెలిచిన యూనివర్సిటీ కాలేజ్ లండన్ బృందం ఎంచుకున్నది వడ్లు ఆరబెట్టే సమస్యే, ఆగ్నేయాసియా రైతుల కోసం. అదే సమస్య మన కళ్ల ముందు ప్రతి సీజన్లోనూ రోడ్డు మీద పరిచి ఉంటుంది. హార్వెస్టర్ కోసిన వడ్లలో తేమ ఎక్కువ. సర్కారు కొనాలంటే 17 శాతం మించకూడదు. అందుకని రైతు రోడ్ల మీద, కేంద్రం ఆవరణలో వడ్లు పోసి, రోజుల తరబడి పగలు నెరుపుతూ, రాత్రి పట్టాలు కప్పుతూ కాపలా కాస్తాడు. అకాల వాన పడితే మొలకలొస్తాయి. డ్రయ్యర్ అనే యంత్రం కొత్తదేమీ కాదు. తేలాల్సింది అద్దె సంగతి. క్వింటాల్‌కు ఇంత అని రైతు కడతాడా? కాపలా కూలీ, మిల్లు దగ్గర కోసే తరుగు, వాన భయం, ఇవన్నీ కలిపితే అతనికి పడుతున్న నష్టం ఎంత? తడిసిన వడ్లు రాకపోతే మిల్లరుకు లాభం కదా, అతను వాటా ఇస్తాడా? కేంద్రం నడిపే మహిళా సంఘానికే డ్రయ్యర్ అప్పగిస్తే సీజన్ కాని రోజుల్లో మక్కలు ఆరబెట్టి వాయిదా కట్టగలుగుతుందా? ఏ క్యాంపస్ బృందమైనా ఒక యాసంగి సీజనంతా ఒకే కేంద్రంలో కూర్చుంటే ఈ ప్రశ్నలకు రూపాయల్లో జవాబు వస్తుంది. ఏ స్లైడు కంటే కూడా ఆ కాగితం విలువైనది.

అలా కూర్చోబెట్టే పోటీ పెట్టడం కష్టమేమీ కాదు. ప్రైజ్ మనీ ఒకేసారి ఇవ్వకుండా మూడు విడతలు చేయాలి. ఫౌండర్లకు చుట్టమో స్నేహితుడో కాని వ్యక్తి డబ్బిచ్చి కొన్నట్టు రసీదు చూపిస్తేనే రెండో విడత. అదే మనిషి రెండోసారి కొంటే మూడో విడత. ప్రభుత్వమే బిల్లు కట్టాల్సిన సమస్య అయితే, రసీదు బదులు సంబంధిత శాఖ ఇచ్చిన వర్క్ ఆర్డర్ అడగాలి. దాన్ని తెచ్చుకోవడానికి జిల్లా యంత్రాంగం దగ్గర పోటీ నిర్వాహకులే సాయపడాలి. ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు ఆ ఆఫీసుల చుట్టూ ఒంటరిగా తిరగలేరు.

2023లో హల్ట్ ప్రైజ్ గెలిచిన బనోఫీ, యేల్ యూనివర్సిటీలో పుట్టి కోల్‌కతాలో పనిచేస్తున్న సంస్థ. గెల కోశాక పొలంలో పారేసే అరటి బోదెల నారతో తోలుకు ప్రత్యామ్నాయం తయారుచేస్తుంది. బ్యాగులు, చెప్పులు చేసే బ్రాండ్లు దాని కొనుగోలుదారులు, కాబట్టి బిల్లు ఎవరు కడతారన్నది ఇక్కడ మొదటి నుంచే స్పష్టం. దేశంలో అరటి ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంటుంది. పులివెందుల, అనంతపురం వైపు తోటల్లో బోదెలు నరికి తీయించడానికే రైతు కూలీ ఖర్చు పెట్టుకుంటాడు. ఆ ఖర్చు తప్పించి, పైన నాలుగు రూపాయలు ఇచ్చి బోదెలు తీసుకెళ్లే కేంద్రం ఒకటి అక్కడ నడుస్తుందా, నార తీసే యంత్రం ఎన్ని ఎకరాలకు ఒకటి పెడితే గిట్టుబాటవుతుంది, రవాణా ఎంత దూరం దాటితే నష్టం మొదలవుతుంది అన్నది లెక్క కట్టడానికి రాయలసీమ కాలేజీల విద్యార్థుల కంటే దగ్గరగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు.